తుపాకీ వెల: సటీకా తాత్పర్యము

మూలము:
"మా జేజినాయన తుపాకీకి పది లక్షలిస్తామన్యారు, నేనియ్యల్యా."

అవతారిక: కమలాపురమందు ఒకానొక గృహస్థు వంశపారంపర్యంగా వచ్చిన మార్టినీ-హెన్రీ రైఫిలుకు మెరుగు పెట్టించి, గోడకు తగిలించి, అతిథికి కాఫీ కన్నా ముందు వడ్డించు మహావాక్యమిది.

టీక: మా, జేజినాయన, తుపాకీ ఇత్యాదులు సుగమములు. "పది" అనుచోట "ఇరవై" అని ప్రొద్దుటూరు పెళ్లిళ్లలో పాఠాంతరము. "అన్యారు" అను క్రియకు కర్త లుప్తము. ఎవరన్నారో ఏ పెళ్లిలోనూ తేలలేదు.

ఆక్షేపము: ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలపు ఆయుధమని గృహస్థు చెప్పును గదా?

సమాధానము: రెడ్డిగారిని కోయిలకుంట్లలో ఉరి తీసినది 1847 ఫిబ్రవరి 22న. మార్టినీ-హెన్రీ బ్రిటిష్ సైన్యానికి వచ్చినది 1871లో. తుపాకీ పుట్టకమునుపే పేలినదని ఒప్పుకొన్నచో ఆక్షేపము నిలుచును.

ఇక ప్రసంగవశమున. అనవసరమైనది చెప్పనని కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టినాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహము లేదు. 1800లో నిజాము ఈ రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోసినాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి పాలెగాళ్ల కోరలు పీకినాడు. కోటలు పోయినవారికి పింఛన్లు మిగిలినవి. నరసింహారెడ్డి వంతుకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ ఎనిమిది పైసలు చూడండి! ఒక వంశపు పౌరుషానికి పైసలతో సహా లెక్క కట్టిన గుమాస్తా ఎవరో గాని, వానికి చేయి వణకలేదు. 1846లో రెడ్డిగారు కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. వెల కట్టుట యనగా ఆ పింఛనే: ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, ఎంత, మూడూ కాగితం మీద ఉన్నవి. మన మూలవాక్యమునకు ఏ కాగితమూ లేదు.

ప్రకృతము. పాత రైఫిలు వెల దాని ముద్రలలో, నంబర్లలో, వాడకంతో వచ్చిన రంగులో ఉండును. ఈయన ఇనుమునంతటినీ ఎమిరీ పేపరుతో రుద్దించి, నల్లరంగు పూయించి, కర్రకు వార్నీషు కొట్టించినాడు. కిరీటపు గుర్తు పోయె, సంవత్సరము పోయె. అదీ పోనీ. జేజినాయన లైసెన్సు పుస్తకాన్ని, తుపాకీ ఆ ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పగల ఒకే ఒక్క సాక్షిని, పాత పేపర్లతో కలిపి కేజీల లెక్కన అమ్మేసినారయ్యా! ఏడవాల్సింది దానికి కదా. వార్నీషును పొగడమంటాడు.

"ఇస్తామన్యారు": కొనువానికి లైసెన్సు కావలెను. ఆయుధచట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత వారసత్వపువాటితో కలిపి మనిషికి రెండే తుపాకులు. నూరేండ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టము దేశము దాటనీయదు. కావున దుబాయి నుండి వచ్చిన అజ్ఞాతకర్త కూడ నిలువడు.

మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాన్ని 1959 ఆయుధచట్టపు 45వ సెక్షను వదలిపెట్టును. మన గృహస్థు దానిని పేలేటట్టు బాగుచేయించి, ఆ మినహాయింపు దానికి ఎన్నడూ లేదని తానే రుజువు చేసినాడు.

"నేనియ్యల్యా": ఇచ్చుటకు వీలులేనిదానిని ఇయ్యకుండుట త్యాగమా, నిగ్రహమా అని ఆలంకారికులు తేల్చవలెను. ఈలోగా ఎన్నికలు వచ్చును, తుపాకీని స్టేషనులో అప్పజెప్పమందురు. అక్కడ వెల అడుగరు, నంబరు అడుగుదురు. నంబరు చెరపరాదని అదే చట్టపు 8వ సెక్షను. దానినే ఈయన కూలి ఇచ్చి అరగదీయించినాడు.