పదకొండు నిమిషాల పని: ఒక ఓటీజీ ఆత్మకథ

నన్ను ఓవెన్ అనేవాళ్లున్నారు, ఓటీజీ అనేవాళ్లున్నారు. మా ఇంటి పెద్దావిడ మాత్రం ‘ఆ పెట్టె’ అంటుంది. విశాఖపట్నంలో సముద్రగాలి తగిలే ఒక అపార్ట్‌మెంటు వంటింట్లో, గట్టు చివర నా కాపురం. నాది 28 లీటర్ల కడుపు. అద్దం తలుపు, మూడు నాబులు, కింద రెండు కడ్డీలు, పైన రెండు కడ్డీలు, ఒక జాలీ, ఒక ట్రే. ఇదీ నా ఆస్తి. మిక్సీకి పెట్టే చిన్న ప్లగ్గు నాకు చాలదు, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అందుకని సాకెట్ ఎక్కడుంటే నేనూ అక్కడే.

నా లోపలి సంగతి ముందే చెప్పేస్తాను. నాబు 180 దగ్గర పెడితే నేను 180 డిగ్రీల దగ్గరే నిలబడతానని జనం నమ్మకం. నిలబడను. నా లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. దాంతో పట్టీ వంగి కరెంటు తెగుతుంది, చల్లబడ్డాక తిరిగి కలుస్తుంది. ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉండేది ఇందుకే. నా వేడి ఎప్పుడూ ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది. దీపం మొదటిసారి ఆరగానే అంతా సిద్ధమైపోయిందనుకుంటారు గానీ, అప్పటికి నా గోడలింకా వేడెక్కవు. పది పదిహేను నిమిషాలు ఖాళీగా వెలగనిస్తే తప్ప నేను ఒక దారికి రాను.

గృహప్రవేశానికి ఎవరో కానుకగా ఇస్తే ఈ ఇంటికి వచ్చాను. మొదట్లో రొట్టెముక్కలు కాల్చారు. ఆ తర్వాత నన్ను బీరువా చేశారు. అప్పడాల డబ్బా, పాత మూకుడు, ఎవరూ వాడని ఇడ్లీ రేకులు నా కడుపులోకి చేరాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఊళ్లో ప్రతి వంటింట్లోనూ కేకుల జ్వరం పట్టుకుంది, నాకూ పని దొరికింది. జ్వరం దిగాక మళ్లీ మూకుళ్లే. నాలాంటి పెట్టెలు ఎన్ని ఇళ్లల్లో ఇలా అరలుగా బతుకుతున్నాయో మీకే తెలుసు.

నన్ను మళ్లీ ఓవెన్‌ని చేసింది ఈ ఇంటి ఆడపడుచు. ఆవిడ ఉండేది అమెరికాలో, బోస్టన్ దగ్గర. ఆదివారం పొద్దున్న వీడియో కాల్ వస్తే కోడలు ఫోనును నాకే ఆనించి నిలబెట్టి కూర తరుగుతుంది. ఆ వైపు మాటలన్నీ నా చెవినే పడతాయి. ఓసారి ఆడపడుచు అటునుంచి ఒక బిస్కెట్టు విరిచి చూపించింది. అరచేతిలో సగమంత ఉంది, వేలెడు మందం, పైన బీటలు. విరిస్తే పెళుక్కున విరగలేదు, మెల్లగా వంగి తెగింది. లోపల ముదురు గోధుమరంగు, చెమ్మగా.

“అల్లం, దాల్చినచెక్క, లవంగం వేసి మొలాసిస్‌తో చేస్తారు వీళ్లు. చలికాలం వచ్చిందంటే ఇంటింటా ఇదే వాసన,” అంది.

“మొలాసిస్ అంటే ఏంటి వదినా?” అంది కోడలు.

చెరకు పాకంలోంచి పంచదార పలుకులు తీసేశాక అడుగున మిగిలే నల్లటి జిగురని చెప్పింది. ఒకప్పుడు అది కరీబియన్ దీవుల చెరకుతోటల నుంచి పీపాల్లో బోస్టన్ రేవుకి దిగేదట. ఆ తోటల్లో చెమటోడ్చింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు. బ్రిటిష్ పార్లమెంటు 1733లో మొలాసిస్ మీద ఒక చట్టమే చేసి, బయటి దేశాల దీవుల నుంచి వచ్చే సరుకు మీద పన్ను వేసింది. 1919 జనవరి 15న బోస్టన్‌లో ఒక పెద్ద మొలాసిస్ ట్యాంకు పగిలి వీధుల్లోకి వరదలా వచ్చిపడితే 21 మంది చనిపోయారు. ఆ పక్కనే మార్బుల్‌హెడ్ అనే రేవు ఊరుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జోసెఫ్ బ్రౌన్ అనే నల్లజాతి మనిషి, ఆయన భార్య లుక్రీషియా అక్కడ ఒక సత్రం నడిపేవారు. మొలాసిస్, రమ్ము, మసాలాలు కలిపిన పెద్ద పెద్ద బిస్కెట్లు వాళ్ల చేతి వంటేనని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. త్వరగా పాడవవు గనక ఓడల మీద వెళ్లేవాళ్లు పీపాల్లో నింపుకుపోయేవారట.

ఇంతసేపూ వింటున్న పెద్దావిడ ఒకే మాట అంది. “మన బెల్లం ఉండగా ఆ జిగురెందుకే?”

ఆవిడది అనకాపల్లి. బెల్లం సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడి మార్కెట్టుకి దిమ్మలుగా వచ్చే బెల్లం చూస్తూ పెరిగిన మనిషి. మొలాసిస్‌లో పంచదార తీసేస్తారు, బెల్లంలో దాన్ని తియ్యరు. చెరకు రసం మరిగించి, తెట్టు తీసి, గట్టిపడేదాకా కాచడమే. తేడా అంతే. పైగా ఈ వంటకి పనికొచ్చే గుణం రెండింటిలోనూ ఉంది. వానాకాలంలో మా ఇంట్లో బెల్లం డబ్బా మూత తెరిచి మరిచిపోతే పొద్దున్నకల్లా బెల్లం చెమ్మగిల్లి అడుగున పాకం కారుతుంది. బెల్లంలో మామూలు చక్కెరతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా కొంత ఉంటాయి. ముఖ్యంగా ఈ ఫ్రక్టోజ్‌కి గాలిలోని తేమని లాక్కునే గుణం ఎక్కువ. డబ్బాలో విసుగు తెప్పించే ఆ గుణమే బిస్కెట్టులో కావాలి. కాలాక కూడా తేమని పట్టి ఉంచి, ఎండిపోనివ్వదు. అంచేత ముదురు రంగు పాత బెల్లమే మేలు. తెల్లగా మెరిసే బెల్లం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఈ వంటకి కావాల్సిన రుచి దానికి లేదు.

శనివారం ఈ ఇంట్లో గుడ్డు ముట్టరు. అందుకని ఆదివారం మధ్యాహ్నం బెల్లం బిస్కెట్ల పని మొదలైంది. దాల్చినచెక్క, లవంగాలు చిన్న కల్వంలో దంచారు. శొంఠి కొమ్ము కల్వానికి లొంగలేదు, సుత్తితో చితక్కొట్టి మిక్సీలో వేశారు. జాజికాయ తురుముతుంటే నా దాకా వాసన వచ్చింది. పాళ్లు నాకు కంఠతా వచ్చు: పావుకిలో మైదా, 115 గ్రాముల వెన్న, 150 గ్రాముల బెల్లం తురుము, ఒక గుడ్డు, ఒక చెంచా వంటసోడా, రెండు చెంచాల శొంఠి పొడి, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, పావు చెంచా లవంగాల పొడి, చిటికెడు జాజికాయ, అరచెంచా ఉప్పు. చెంచా అంటే కొలత చెంచాయే, తలగొట్టి. పచ్చి అల్లం వద్దని పెద్దావిడే చెప్పింది, దాని నీరు ముద్దని జారుడు చేస్తుందని. ముందు వెన్న, బెల్లం కలిపి గిలక్కొట్టారు. గుడ్డు వేసి మళ్లీ కొట్టారు. పొడులన్నీ జల్లించి కలిపారు. మైదా పడ్డాక మాత్రం తెల్లదనం కనబడనంతవరకే కలిపారు. చపాతీ పిండిలా మర్దిస్తే సాగుడు పుట్టి, మెత్తగా రావాల్సింది గట్టిపడుతుంది.

బిస్కెట్టు మందం నా చేతిలో లేదు, మనుషులకి తెలియని సంగతి ఇదే. అది ఫ్రిజ్ చేతిలో ఉంది. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం విశాఖ వంటింట్లో అది గిన్నెలోనే సగం నీరు. అలాంటి ముద్దని తిన్నగా నాలోకి తోస్తే, పిండీ గుడ్డూ గట్టిపడేలోపే వెన్న కరిగి ముద్ద నేల మీద పోసిన నీళ్లలా పరుచుకుంటుంది. దొరికేది పల్చటి అప్పచ్చి. అదే ముద్దని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే, లోపలి వెన్న కరగడానికి నాకు కాస్త సమయం పడుతుంది, ఆలోపు అంచులు బిగుసుకుంటాయి. ముద్ద నిలబడుతుంది. ఇక్కడ ఓపిక పట్టనివాడికి నేనేమీ చెయ్యలేను.

40 గ్రాముల చొప్పున ఉండలు చేశారు. నిమ్మకాయ కంటే కొంచెం పెద్దవి. పంచదారలో దొర్లించి, బటర్ పేపరు పరిచిన ట్రే మీద రెండేసి అంగుళాల ఎడంలో పేర్చారు. అరచేత్తో అదమలేదు, అదిమితే మందం పోతుంది. ట్రేకి ఎనిమిది పట్టాయి. పైనా కిందా కడ్డీలు వెలిగించి, నడి అరలో నాకు అప్పగించారు.

ఆ పదకొండు నిమిషాలూ నావి. మొదటి మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఉండల మీద పంచదార మెరుస్తుందంతే. నాలుగో నిమిషానికి అడుగు మెత్తబడి ఉండ కొంచెం కిందికి కూర్చుంటుంది. బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది, దానికి వంటసోడా తగిలి లోపల గాలి పుడుతుంది. అయిదో నిమిషం దాటాక ఉండ మళ్లీ పైకి లేస్తుంది. పైపొర అప్పటికే ఆరింది గనక సాగలేక ఏడో నిమిషంలో చీలుతుంది. బీట వారిన చోట లోపలి తడి మెరుస్తుంది. శొంఠి వాసన తలుపు సందుల్లోంచి హాల్లోకి వెళ్లేది అప్పుడే. తొమ్మిదో నిమిషానికి అంచులు రంగు తిరిగి బిగుస్తాయి. పదకొండుకి అంచు గట్టిగా, నడుమ ఉబ్బెత్తుగా, బీటల్లో ఇంకా పచ్చిగా కనబడుతుంది.

కోడలు తలుపు తీసింది. పెద్దావిడ తొంగిచూసింది.

“ఏటిది, నడుమంతా పచ్చిగానే ఉన్నాది. ఇంకో అయిదు నిమిషాలు ఉండనీయమ్మాయ్.”

“లేదత్తయ్యా, బయట ట్రే మీదే ఉడుకుతాయి.”

కోడలి మాటే నిజం. ట్రే బయటికొచ్చినా అందులో వేడి చల్లారదు, ఇంకో అయిదు నిమిషాలు అది నా పని చేస్తూనే ఉంటుంది. నాలో ఉండగానే పూర్తిగా కాలినట్టు కనబడితే, చల్లారేసరికి గట్టిపడ్డట్టే. ఆ అయిదు నిమిషాలూ కదపకూడదు, వేడి మీద ఎత్తితే నడుమ విరిగిపోతాయి. తర్వాత జాలీ మీదికి మార్చారు. నాతో వచ్చిన ట్రే ఒక్కటే. రెండో వాయి ఉండలు ఆ వేడి ట్రే మీద పెడితే నాలోకి రాకముందే కరగడం మొదలెడతాయి గనక దాన్ని కుళాయి కింద చల్లార్చి తుడిచారు.

పెద్దావిడ అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. ఆవిడ చిన్నప్పుడు సెలవులకి మైదా, పంచదార, డాల్డా డబ్బా పట్టుకుని బేకరీకి వెళ్లేవారు. అక్కడి బట్టీలో బిస్కెట్లు కాల్పించుకుని రేకు డబ్బాలో తెచ్చుకునేవారు. బిస్కెట్టంటే కరకరలాడాలి. ఈ వైపు గాలికి డబ్బా మూత సరిగ్గా పడకపోతే రెండు రోజుల్లో మెత్తబడేవి, అది పాడైన లెక్క. అలాంటి మనిషికి మెత్తటి బిస్కెట్టు ఇచ్చి బాగుందనమంటే ఎలా? కానీ ఆ మెత్తదనం వేరు, ఈ మెత్తదనం వేరు. అది ఎండిన బిస్కెట్టులోకి బయటి తేమ దూరి చేసిన చెరుపు. ఇది లోపలి తేమని పోనివ్వకుండా కావాలని నిలిపినది. నోట్లో పెడితే తేడా తెలుస్తుంది: గాలికి మెత్తబడినది సాగుతుంది, ఇది కరుగుతుంది.

రాజీ కోడలే కుదిర్చింది. రెండో వాయిలో మూడు ఉండల్ని మాత్రం అదిమి పల్చగా చేసి ఓ వారగా పెట్టింది. మిగతావి జాలీ మీదికి మార్చాక వాటిని మళ్లీ కాసేపు నాలో పెట్టింది. అవి కరకరలాడాయి. పెద్దావిడ వాటిని టీలో ముంచుకుని తింది. అదే ముద్ద, అదే ఓవెన్. మర్నాడు మాత్రం డబ్బాలోంచి మెత్తటిది ఒకటి తీసింది. ఒక రాత్రి గడిచేసరికి శొంఠి ఘాటు తగ్గి, లవంగం, దాల్చినచెక్క దానితో కలిసిపోతాయి. ఈ రకం మొదటి రోజు కంటే రెండో రోజే బాగుంటుంది. “పరవాలేదు,” అంది. అనకాపల్లి మనిషి అంతకు మించి మెచ్చుకోదు.

అరగంట వెలిగినా నేను తాగే కరెంటు ఒక యూనిట్ కూడా ఉండదు. కాబట్టి బిల్లు భయం పెట్టుకోకండి. మీ ఇంట్లో నాలాంటి పెట్టె ఉంటే ముందు దాని కడుపులో దాచిన సామాను తియ్యండి. నా నాబు మీది అంకెని నమ్మకండి, లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. నాది పదకొండు నిమిషాలైతే మీదానిది తొమ్మిదో పదమూడో కావచ్చు. వంట పుస్తకంలో నిమిషాలు ఆ పుస్తకం రాసినవారి ఓవెన్‌వి, మీ ఓవెన్‌వి కావు. టైమరు టింగుమనేదాకా ఫోను చూస్తూ కూర్చోకండి. ఎనిమిదో నిమిషానికే వచ్చి అద్దంలోంచి చూడండి. అంచు బిగిసి, నడుమ ఇంకా పచ్చిగా కనబడుతోందా? ధైర్యం చేసి తీసెయ్యండి.