తొమ్మిది గజములు

ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ తెరచిన దుకాణము ఏనాడో మాయమై, పేరు మాత్రము ఆబిడ్స్ కూడలికి మిగిలినట్లే, నా దస్తావేజునందును స్థలము తరిగి గజములు మాత్రము మిగిలినవి. పత్రమున 200, ప్రక్కింటివారు ప్రహరీ కట్టిన పిదప నేలమీద 191.

ఈ చిక్కు విప్పించుకొనుటకై, ఆబిడ్స్‌కును నాంపల్లి స్టేషనుకును నడుమ, కట్టడముల దృఢత్వమును ధ్రువీకరించుచు భూములకు హద్దులు నిర్ణయించు ఒకానొక ఇంజనీరింగు కార్యాలయమునకు బోయితిని. లిఫ్టు నడువదు. మెట్లలో ఒకటి ఆరంగుళములు, తరువాతిది ఎనిమిది. మూడవ అంతస్తు చేరులోపలనే నా మోకాళ్లు ఆ భవనమునకు లెవెలింగు పూర్తిచేసినవి. సెల్లారులో బండ్లు నిలుపవలసినచోట జిరాక్సు అంగడి. ఈ భవనపు దృఢత్వమును ధ్రువీకరించిన దెవరని యడుగుట మర్యాద కాదని మిన్నకుంటిని.

“అంకుల్, టేపుతో కొలిచే రోజులు పోయినయ్. ఇది శాటిలైట్ కొలత, సెంటీమీటరు తప్పదు” అనెను యువ ఇంజనీరు. ఫీజు చెల్లింపగా నా తొమ్మిది గజములును నక్షాలో నాకు దక్కినవి. వారము తిరుగకుండ ప్రక్కింటివారి సర్వేయరును శాటిలైటుతోనే కొలిచి, ఆ తొమ్మిదింటిని వారికి దక్కించెను.

పూర్వపు కొలతల తీరు వేరు. 1802లో మదరాసు చెంత, ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలుచుటకు సర్వేయరు విలియం లాంబ్టన్ 57 దినములు శ్రమించి, ఎండకు ఉక్కుగొలుసు సాగునేమోయని దానిని కొయ్యపెట్టెలలో పరపించి, థర్మామీటర్లు నిలిపెనట. ఎండకు సాగు గొలుసును ఆయన యెరుగును. దక్షిణకు సాగు గొలుసు నెరుగడు. 1908 మూసీ వరద పిదప, 1912 నుండి ఈ నగరమును గల్లీ గల్లీగా నక్షాల కెక్కించిన లియోనార్డ్ మన్‌కు శాటిలైటు లేదు, పాపము! గుంటయనగా 33 అడుగుల చతురస్రము, 121 గజములు, ఎకరమునకు 40. ఆ లెక్కలో మొగమాటమునకు తావెక్కడిది?

తుదకు ఉభయులును జాయింటు సర్వేకు సమ్మతించిరి. విచారింపగా తెలిసినదేమనగా, ఇరువురు సర్వేయర్లును ఒకే యంత్రమును ఒకే దుకాణమునుండి వంతులవారీగా అద్దెకు దెచ్చుకొందురట! సర్వే రానున్న సోమవారమునకు నిశ్చయమైనది; ఆనాడు యంత్రము ఎవరి వంతో యింకను తేలలేదు.