నాసిక్ ద్రాక్షతోటకు పండ్లు లేనప్పుడే వెళ్ళండి

జనవరి వచ్చిందంటే హైదరాబాదులో నాకు తెలిసినవాళ్ళు సగంమంది నాసిక్ ప్రయాణం కడతారు. కోతల కాలం కదా, గుత్తుల పక్కన ఫొటోలు, తొట్లలో దిగి ద్రాక్ష తొక్కే సరదాలు ఉంటాయి. నన్నడిగితే ఆ టిక్కెట్లు రద్దు చేసుకుని అక్టోబరుకు పెట్టుకోమంటాను. అప్పుడు తోటలో ఒక్క గుత్తి ఉండదు, కత్తిరించిన వరసల్లో ఆకు కూడా మిగలదు. అందుకే వెళ్ళమంటున్నాను.

ఫ్రాన్సులో చలికాలం వస్తే ద్రాక్షతీగ తనంతట తానే ఆకు రాల్చి నిద్రపోతుంది. నాసిక్‌లో అంత చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకని రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. ఏప్రిల్ ప్రాంతంలో బాగా పొట్టిగా కత్తిరిస్తే కొత్త కొమ్మలు వస్తాయి. రాబోయే పంట మొగ్గలు ఆ కొమ్మల్లోనే కడతాయి. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండో కత్తిరింపు. మొగ్గలన్నీ ఒక్కసారిగా పగలాలని కణుపులకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. తొడుగులు లేకుండా ముట్టుకోకూడని మందు అది. జనవరి నుంచి మార్చి దాకా తెగే పంట అంతా ఆ కత్తెర పట్టిన చేతుల్లో ఉంది. ఎక్కడ కోయాలి, ఎన్ని కళ్ళు ఉంచాలి అన్నది చూడాలంటే కోతలకు ముందే వెళ్ళాలి. పళ్ళు తొక్కలేకపోయామని బాధపడకండి. వైనరీలో వాటిని నలిపేది యంత్రమే.

మా నాన్న మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహి ద్రాక్ష వేసేవారు. రాతి కడీలు, తలమీద పందిరి, పందిరి కింద ఆకుపచ్చ చీకటి. ఎంత విరగకాస్తే అంత గొప్ప. ఇప్పుడు అక్కడ ప్లాట్లున్నాయి. వైన్ తోటలో తీగలు అలా పందిరెక్కవు. కంచె కట్టినట్టు నిలువు వరసల్లో ఇనుప తీగలకు కట్టి ఉంటాయి. మంచి వైన్ కోసం కొన్నిచోట్ల పచ్చిగుత్తులను కోసి నేలమీద పారేస్తారు, మిగిలినవాటికి సారం అందాలని. నాన్న చూస్తే గుండె పట్టుకునేవారు. ఆ గుత్తులు ఎందుకు పారేస్తారో గైడును అడగండి. టూరు మొత్తంలో అంతకన్నా విలువైన ప్రశ్న లేదు.

రెండో సలహాకు అందరూ అడ్డు చెబుతారు. వైన్ టేస్టింగ్‌కు ముందు కారం తినొద్దని పుస్తకాలన్నీ రాస్తాయి. మీరు మాత్రం ఆవకాయ అన్నం తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళడం ఎలాగూ మంచిది కాదు. అసలు కారణం వేరే ఉంది. ఆ వైన్ ఎప్పుడైనా మీ ఇంటికొస్తే మీ భోజనం పక్కనే కూర్చోవాలి గానీ ఫ్రెంచి జున్ను పక్కన కాదు. కారం తిన్న నాలుక మీద కెబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ పోసి చూడండి. దాని వగరు చేదెక్కుతుంది, ఆల్కహాలు మంటను రెట్టింపు చేస్తుంది. అదే నాలుక మీద కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పోయండి. పులుపూ తీపీ కలిసి కారాన్ని పట్టి కూర్చోబెడతాయి. సూలా వైనరీ స్థాపకుడు రాజీవ్ సామంత్ 1997లో గంగాపూర్ చెరువు దగ్గర తన తోటలో నాటించిన రకాల్లో ఈ షెనిన్ బ్లాంక్ ఒకటి. తినే ద్రాక్షకే పేరున్న నాసిక్‌లో అప్పుడది కొత్త. మన కూడుకు సరిపడే వైన్ ఏదో మన నాలుకే చెప్పాలి.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోమంటారు. నేను బుడ్డి దగ్గరే, రెండు అరచేతులతో పట్టుకోమంటాను. మంచులా చల్లబడ్డ వైన్‌లో వాసన పైకి లేవదు, లోపాలు కూడా దాక్కుంటాయి. చేతి వేడి తగిలితే రెండూ బయటపడతాయి. ఐదారు రకాలు వరసగా పోస్తారు. వాటిలో రెండు ఎంచుకుని అరగంటసేపు వాటితోనే ఉండండి.

వైన్ ముట్టని పెద్దవాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళండి. మా పెద్దమ్మను తీసుకెళ్ళాం. చుక్క తాగలేదు. సావిన్యాన్ బ్లాంక్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "దోరజామకాయరా, కింద కోసిన గడ్డి" అంది. అక్కడి కాగితం మీద గూస్‌బెర్రీ అని ఉంది. తెలుగులో దాన్ని ఉసిరి అనేస్తాం, కానీ యూరప్ గూస్‌బెర్రీకీ మన ఉసిరికీ చుట్టరికమే లేదు. పెద్దమ్మ చెప్పిందే నిజం. ఆ వైన్‌లో వాసనకు కారణమైన గంధకపు సమ్మేళనాలు జామపండులోనూ ఉంటాయి. షిరాజ్ వాసన చూసి "మిరియాల చారు" అంది. షిరాజ్‌లో ఆ ఘాటుకు కారణం రోటండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉన్నదీ అదే. కాగితం మీది పరాయి పళ్ళ పేర్లు పక్కన పెట్టి నేరేడు, జామ, పచ్చిమామిడి, తడిమట్టి అనండి. మీకు తెలిసిన వాసనే మీకు సాక్ష్యం.

ఇక ఉమ్మేయడం. డబ్బిచ్చి పోయించుకున్నది ఉమ్మేస్తే పాపమని మనవాళ్ళకు గట్టి నమ్మకం. నోట్లోకి పోయింది మింగాల్సిందే అనుకుంటారు. దీనికి మన ఊరి బోర్డుల బాధ్యతా ఉంది. వైన్స్ అని పేరు పెట్టిన కొట్లో అమ్ముడయ్యేది ఎక్కువగా బీరు, విస్కీ, బ్రాందీ. ఆ అలవాటుతో వెళ్ళినవాళ్ళు గ్లాసును పెగ్గులా ఒక్క గుక్కలో ఎత్తేస్తారు. వైన్‌లో ఆల్కహాలు సుమారు 12 నుంచి 14 శాతం ఉంటుంది. ఐదారు రకాలు మింగితే చివరి రెండింటి రుచి మీకు తెలియదు. నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో సిగ్గుపడకుండా ఉమ్మండి. గిన్నె పెట్టకపోతే అడగండి. వైన్ తయారుచేసేవాళ్ళు రోజూ చేసే పనే ఇది. మింగినవాళ్ళు మాత్రం బండి నడపొద్దు, ఒక్క గ్లాసే అయినా సరే.

సీసా కొనకండి. పక్క రాష్ట్రంలో కొన్న మద్యాన్ని మన ఎక్సైజువాళ్ళు పన్ను కట్టని సరుకుగా లెక్కగడతారు, రైళ్ళలోనూ సోదా చేస్తారు. అదీగాక, బ్యాగులో సీసా ఉంటే మనసంతా దాని మీదే ఉంటుంది. తోటలో ఇంకో గంట నిలబడండి. కత్తిరించిన కొమ్మ చివర గోటితో గీరితే లోపల పచ్చగా కనిపిస్తుంది. ఊరికి తిరుగు ప్రయాణంలో నాసిక్ బజారులో కిలో ఎండుద్రాక్ష కట్టించుకోండి. మేం తెచ్చింది నాన్న ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, ఇది థామ్సన్ రకమని చెప్పి, ఎన్నాళ్ళు ఎండబెట్టారని అడిగారు. ఆ సంగతి కనుక్కుని రాలేదు. ఈ అక్టోబరులో ఆయన్నే తీసుకెళ్తున్నాం.