మూడు పళ్లు పోయిన పేలదువ్వెన

నేను పుట్టింది పర్లాకిమిడిలో. గేదె కొమ్మును నిప్పు సెగకు మెత్తబరిచి, నొక్కి పలక చేసి, సన్నటి రంపంతో రెండు వైపులా నాకు పళ్లు కోశారు. ఒకవైపు చిక్కు తీయడానికి ఎడం పళ్లు, రెండోవైపు పేలకీ ఈపులకీ దగ్గర పళ్లు. అమ్మమ్మ అప్పటికింకా అమ్మమ్మ కాదు, కొత్త పెళ్లికూతురు. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు నడిచే రోజులవి. ఆ బండిలో వెళ్లి నన్ను కొని, కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. 2004లో ఆ బండి ఆగిపోయి, తర్వాత పెద్ద లైను పడింది. నేను మాత్రం పలాసలో ఈ ఇంటి కిటికీ ఊచకి కట్టిన దారానికి ఇంకా వేలాడుతూనే ఉన్నాను.

మూడు తరాల తలలు చూశాను. అమ్మమ్మ తల, ఆమె కూతురి తల, ఇప్పుడు మనవరాలి తల. మనవరాలి జడ నడుము దాటుతుంది. విప్పి ఆరబెడితే అరుగు మీద నల్లచీర పరిచినట్టుంటుంది. ఆ జుట్టులోనే నా దగ్గర పళ్లు మూడు విరిగాయి.

దసరా సెలవులకి పిల్ల హాస్టల్ నుంచి వచ్చిన సాయంత్రం తలుపు దగ్గరే బుర్ర గోక్కుంది. తల్లికి అర్థమైపోయింది. ఆమె జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. జీడి రసానికి వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉంటాయి. ఆ చేతులతో కూతురి తల ముట్టుకోవడానికే భయపడుతుంది. పైగా ఇది కొత్త కాదు. నిరుడు దసరాకి, సంక్రాంతికి, మళ్లీ ఇప్పుడు.

"ఇంక నావల్ల కాదమ్మా. రేపు తీసుకెళ్లి బాబ్ కొట్టించేస్తాను" అంది తల్లి.

"ఏటే, అంత జుట్టు కొట్టించేస్తావా?" అంది అమ్మమ్మ.

పిల్ల ఏమీ అనలేదు. జడ కొస పట్టుకుని కూర్చుంది.

పక్కింటి ఆవిడ వచ్చి ఒకేసారి గుండు కొట్టించమంది, సింహాచలంలో అయితే మొక్కు కూడా తీరినట్టుంటుందంది. అమ్మమ్మకి ఆ మాట నచ్చలేదు. "మొక్కుంటే దేముడికి ఇస్తాం. పేలకి భయపడి ఇచ్చింది మొక్కెలాగవుద్ది?" అంది. నాకు నోరుంటే నేనూ అదే అనేవాణ్ణి. తలనీలాలు మనసుతో ఇచ్చేవి. తల వంచుకుని కూర్చున్న పిల్ల దగ్గర లాక్కునేవి కావు.

ఇంకొకావిడ కిరసనాయిలు పట్టించమంది. వద్దు. దానికి నిప్పంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు, మాడు చర్మం కూడా కాలుతుంది. సీతాఫలం గింజల పొడి మాట కూడా వచ్చింది. అది కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు, కానీ నొప్పి పిల్ల పడాలి.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ నన్ను ఊచ మీంచి దింపింది. ఆమెకి చూపు మందగించింది, వేళ్లతోనే చూస్తుంది. పిల్ల తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, ఒళ్లో తెల్ల తువ్వాలు పరిచి, పాయ పాయగా విడదీసి నన్ను కుదుళ్ల దాకా దించింది. అక్కడ ఉంటాయి పేలు. నువ్వుగింజంత ప్రాణి, ఆరు కాళ్లు. ఎగరలేదు, దూకలేదు. తలకి తల ఆనినప్పుడు వెంట్రుక పట్టుకుని పాకి వస్తుంది, అంతే. ఆడ పేను రోజుకి ఇంచుమించు అరడజను గుడ్లు పెట్టి, కుదురుకి ఆనించి జిగురుతో అతికిస్తుంది. ఆ వెచ్చదనంలోనే అవి పొదుగుతాయి. తల వదిలి కింద పడ్డ పేను ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

తువ్వాలు మీద నల్లగా రాలాయి. అమ్మమ్మ గోళ్ల మధ్య కుక్కేసింది. ఆ తర్వాత నాకు కనిపించినదే ఈ కథలో ముఖ్యం. కుదురు నుంచి రెండు వేళ్ల మందం దాకా వెంట్రుకలకి తెల్లటి ఈపులు వరసగా ఉన్నాయి. దాని కింద నడుము దాకా ఒక్కటీ లేదు.

జుట్టు నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదురు దగ్గర అతికిన ఈపి వెంట్రుకతో పాటే కిందికి దిగుతుంది. రెండు వేళ్ల దూరంలో ఉన్నది ఎప్పుడో పొదిగి వదిలేసిన ఒట్టి పెంకు. నాలుగు నెలల కిందటిది. అంటే జూన్లో బడి తెరిచిన కొత్తలోనే పిల్లకి పేలు పట్టాయి. వేసవిలో నేను శుభ్రం చేసి పంపిన తల అది.

అమ్మమ్మకి లెక్కలు రావు, వేళ్లకి తెలిసింది. "ఇన్ని నెల్లు ఎవరికీ చెప్పలేదేటే గుంటా?" అంది.

అప్పుడు ఏడ్చింది పిల్ల. చెప్తే గదిలో వాళ్లు పక్క దూరంగా వేసుకుంటారట. నిరుడు ఒకమ్మాయికి అలాగే చేశారట. అందుకని రాత్రిళ్లు గోక్కోకుండా చేతులు తల కింద పెట్టుకుని పడుకునేదట.

ఆ మాట విన్నాక నాకు పేల మీద కోపం పోయి, ఆ సిగ్గు మీదికి మళ్లింది. పేలు మురికికి పట్టేవి కావు, రోజూ తలంటుకున్నా పడతాయి. పొడుగు జుట్టుకే పట్టేవీ కావు. నా జాతి పెద్ద ఒకటుంది. ఇజ్రాయెల్లో లాకీష్ అనే పాత నగరం దిబ్బల్లో 2016లో దొరికింది. ఏనుగు దంతంతో చేసిన చిన్న దువ్వెన. పిల్ల ఒకసారి పత్రికలో చదివి అమ్మమ్మకి వినిపించింది. దాని మీద 17 అక్షరాలు చెక్కి ఉన్నాయట, వాటిని 2022లో చదివి చెప్పారట. జుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలని ఈ దంతం పోగొట్టాలన్న కోరిక అది. సుమారు 3,700 ఏళ్ల నాటిదని పండితుల అంచనా. దాని పళ్ల మధ్య పేను పెంకు కూడా మిగిలే ఉంది. దంతపు దువ్వెన కొనగలిగిన సంపన్నుడికి, గడ్డమున్న మగవాడికి కూడా పట్టాయన్నమాట. మరి ఈ పిల్ల ఎందుకు తల దించుకోవాలి?

ఆ రాత్రి పిల్ల అడిగింది: "కొట్టించేస్తే పేలు పోతాయా అమ్మమ్మా?"

"పోవు. అవుండేది కుదుళ్లలో. కోసేది కొసలు."

"మరి ప్రతిసారీ తగ్గి మళ్లీ ఎందుకొస్తన్నాయి?"

తల్లి గుర్తు చేసుకుంది. సంక్రాంతికి నర్సమ్మ చెప్పిన పెర్మెత్రిన్ మందు ఒకసారి రాశారు. తొమ్మిదో రోజున మళ్లీ రాయమంది. ఈలోపు సెలవులయిపోయాయి. చావకుండా మిగిలిన గుడ్లు హాస్టల్లో పొదిగాయి. పొదగకపోయినా, పక్కనున్న తలల్లో పేలు ఉండనే ఉన్నాయి.

ఈసారి తల్లి మందు రాసిన తేదీ క్యాలెండర్ మీద పెన్నుతో సున్న చుట్టింది. తొమ్మిదో రోజుకి ఇంకో సున్న. అమ్మమ్మ మూడు రోజులకోసారి నన్ను దించింది. మొదటి రోజు నలభై ఒకటి, తర్వాత తొమ్మిది, తర్వాత రెండు పిల్ల పేలు.

సెలవుల చివర్లో పిల్ల నన్ను తన చేత్తో తీసుకుంది. అద్దం ముందు నిలబడి కుదురు నుంచి కొస దాకా దువ్వబోయింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో రెండుసార్లు చూసింది. ప్రతిసారీ అక్కడే.

"అమ్మా, ఇక్కడికి కొట్టించు" అంది, చెయ్యి ఆగిన చోట వేలు పెట్టి. "ఇంతయితే నేనే దువ్వుకోగలను. అక్కడ ఎవరూ దువ్వరు నాకు."

తల్లి కూతురి వేలు వంక చాలాసేపు చూసింది. బాబ్ మాట ఇంక ఎత్తలేదు. కత్తిరించిన జుట్టుకి అమ్మమ్మ దారం చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది.

నా దారం కూడా ఊచ మీంచి విప్పారు. స్టీలు దువ్వెన కొందామంది తల్లి. దాని పళ్లు నాకన్నా సన్నం, ఈపుల్ని ఇంకా బాగా పడుతుంది. నిజమే. కానీ పిల్ల నన్నే సంచిలో పెట్టుకుంది. ఇప్పుడు హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నాలు నేను వరండాలో ఉంటాను. మొదటి వారం పిల్ల ఒక్కతే కూర్చుంది. రెండో వారం ఒకమ్మాయి వచ్చి, ఏమీ అనకుండా, జడ విప్పుకుని ఆమె ముందు మెట్టు మీద కూర్చుంది.