ట్యూబు సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: శుభ్రమైన, పొడి ముఖమునకు ధారాళముగా రాయవలెను. ఎండలోకి వెళ్లుటకు 15 నిమిషములు ముందుగా. ప్రతి 2 గంటలకు మరల.

(సన్‌స్క్రీన్ ట్యూబు వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో.)

ప్రతిపదార్థం: శుభ్రమైన = కడిగినట్టి, అనగా మంచం దిగి, వాష్ బేసిన్ దాకా నడిచి, అక్కడ నిలబడగలిగి కడిగినట్టి; పొడి = తుడిచినట్టి; ముఖమునకు = ముక్కుకు అటూ ఇటూ సీతాకోకచిలుక వాలినట్టు ఎర్రబడిన నా ముఖమునకు; ధారాళముగా = చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు చారలుగా; రాయవలెను = రుద్దక, అద్దవలెను.

టీక: ‘రాయవలెను’ విధ్యర్థకం. కర్త ఎవరో చెప్పలేదు. పొద్దున లేవగానే పిడికిలి బిగించగలిగినవాడే మూలకారుడి మనసులో ఉన్నాడని ఊహించవచ్చు. ఈ వ్యాఖ్యాత్రికి లూపస్. తెల్లవారితే వేళ్లు కొయ్యబారి ఉంటాయి. కనుక ‘మూత తీసి’ అని అధ్యాహారం చేసుకోవాలి. సూత్రమంతటికీ కఠినమైన మాట, కనబడని ఈ మాటే. దీనిపై మా ఇంట మూడు మతాలు. మూతకు రబ్బరుబ్యాండు చుట్టి పట్టు తెచ్చుకోవాలన్నది అమ్మ మతం. పంపు సీసా కొని మణికట్టుతో నొక్కాలన్నది నాది. మూతే పెట్టొద్దన్నది మా ఆయనది. మూతి దగ్గర క్రీము ఎండి బిరడా అయింది గనుక ఖండితం.

పూర్వపక్షం: “ఇంట్లోనే పడుంటావు కదమ్మా, నీకెందుకే ఆ క్రీము? శుభ్రంగా సున్నిపిండి పెట్టి రుద్దుకో” అని పక్కింటి పిన్నిగారు.

సిద్ధాంతం: కిటికీ అద్దం అతినీలలోహిత బి కిరణాలను చాలామటుకు ఆపుతుంది, ‘ఏ’ కిరణాలను లోపలికి రానిస్తుంది. లూపస్‌కు ఆ మాత్రం చాలు. ఎండ చర్మానికి తగిలితే కీళ్లూ రాజుకుంటాయి, నీరసం పట్టుకుంటుంది. ఇక సున్నిపిండి. స్టెరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడితే చర్మం పలచబడుతుంది. రుద్దితే తోలే లేస్తుంది. పిన్నిగారికి ఇదంతా చెప్పలేదు, కాఫీ ఇచ్చాను.

పాఠాంతరం: వాట్సాప్ ప్రతుల్లో కొరియా వారి పది అంచెల దినచర్య కనబడుతున్నది. ప్రక్షిప్తం. అనవసరమైనది చెప్పనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథ సూరిది మెదక్ దగ్గరి కొల్చారం. కావ్యాలకు ఆయన పెట్టుకున్న నియమాన్ని నేను ముఖానికి పెట్టుకున్నాను: వాసన లేని మాయిశ్చరైజరు ఒకటి, సన్‌స్క్రీన్ ఒకటి. సరిగా రాస్తే ఎస్పీఎఫ్ 30 బి కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి అంత ధర పెట్టే బదులు గొడుగు కొన్నాను.

అలంకారం: ‘ప్రతి 2 గంటలకు’ అన్నది నా పాలిట అతిశయోక్తి. రాసుకున్నది చెమటకు కారిపోతుంది, నిజమే. కానీ పొడుగు చేతుల జాకెట్టును, గొడుగును మరల రాయనక్కర్లేదు.

తాత్పర్యం: ఒంట్లో బాగున్న రోజు సూత్రం యథాతథం. బాగాలేని రోజు ‘కడిగిన’ అనగా పడుకునే తడిగుడ్డతో తుడిచిన అని అర్థం. అదీ కాని రోజు... ఇక్కడికి వచ్చేసరికి పదకొండయింది, గడువు దాటింది, పంపు సీసా వంటింట్లో ఉంది. కర్టెను వెయ్యమని మా ఆయన్ని కేకేశాను.