పదిమందిలో పాము

మాదాపూర్ అద్దాల మేడల్లో ఏ ప్రోగ్రాం నెమ్మదించినా తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది: కోర్లు చాల్లేదు, పెంచండి. నాలుగు చాలకపోతే పదహారు, పదహారూ చాలకపోతే నలభై ఎనిమిది. 'ఇన్‌స్టెన్స్ సైజు పెంచేద్దాం సార్' అని సాయంత్రం కాల్‌లో ఒకరంటారు. 'చేసేయండి' అంటారు మేనేజరు గారు. ఒకసారి కోడ్ తెరిచి చూద్దామన్నవాడికి రిలీజుకు అడ్డుపడే మనిషని పేరొస్తుంది.

పదిమందిలో పాము చావదన్న సంగతి ఊళ్లో పిల్లలకైనా తెలుసు. రాయదుర్గం మెట్రో దిగేలోపు పెద్దలు దాన్ని మరిచిపోతారు.

2022 నవంబరు ఈ కోర్ల భక్తులకు పండగ నెల. హైదరాబాద్‌లోనూ డిజైన్ కేంద్రమున్న ఏఎండీ 96 కోర్ల ఎపిక్ ప్రాసెసర్‌ను విడుదల చేసింది. అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది, ఇక యంత్రం కోసం ముంబయి వైపు చూడక్కర్లేదు. అదే నెలలో నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు తమ అనుభవమొకటి బయటపెట్టారు. పండగ సందడిలో భక్తుల చెవికి అది ఎక్కినట్టు లేదు.

జావాలో నడిచే ఒక సర్వీసును వాళ్లు 16 వర్చువల్ సీపీయూల యంత్రం నుంచి 48 ఉన్నదానికి మార్చారు. పని మూడింతలవుతుందని లెక్క. పెరిగింది దాదాపు 25 శాతం! పైగా ఒక్కో అభ్యర్థనకు జవాబివ్వడానికి పట్టే సమయం 50 శాతానికి మించి పెరిగింది. మన దగ్గరైతే ఈపాటికి 96 కోర్లకు టికెట్ రైజ్ అయ్యేది. వాళ్లు ప్రాసెసర్‌లోని హార్డ్‌వేర్ కౌంటర్లు చదివారు. దొంగ దొరికింది జావా వర్చువల్ మెషిన్ లోపల, పక్కపక్కనే ఉన్న రెండు ఫీల్డుల దగ్గర.

కోర్ తనకు కావలసింది బైటు బైటుగా తెచ్చుకోదు. ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లో 64 బైట్ల ముక్కను, అంటే ఒక క్యాష్ లైన్‌ను, మొత్తంగా తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. మొదటి స్థాయి క్యాష్‌లో ఉంటే నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. మెయిన్ మెమరీ దాకా వెళ్లాలంటే వందల సైకిళ్లు. ఆ లైన్‌లో ఒక కోర్ ఏ మూల రాసినా మిగతా కోర్ల దగ్గరున్న ప్రతులు చెల్లవు, మళ్లీ తెచ్చుకోవాలి. ఆఫీసులో హాజరు పట్టీ ఒక్కటే ఉంటే, ఎవరి గడిలో వారు సంతకం పెట్టాలన్నా పట్టీ చేతికొచ్చేదాకా ఆగాల్సిందే కదా. ఫాల్స్ షేరింగ్ అంటే అదే. నలభై ఎనిమిది మందిని తెచ్చి నిలబెడితే పెరిగేది వరసే, సంతకాలు కావు.

నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఆ రెండు ఫీల్డుల మధ్య ఖాళీ బైట్లు కూరారు. అవును, ఏ పనీ చేయని బైట్లు! ఆపైన ఒకే ఫీల్డులో అన్ని థ్రెడ్లూ పదే పదే రాయడాన్నీ తప్పించారు. అదే యంత్రం మీద పని దాదాపు మూడున్నర రెట్లయింది.

అమీర్‌పేట మార్కు మల్టీథ్రెడింగ్ ప్రశ్నల కట్టలో సింక్రనైజ్డ్ ఉంటుంది, వొలటైల్ ఉంటుంది. 64 బైట్ల ఊసు మాత్రం వెతికి పట్టుకోవాలి. ఆ కట్ట చదివి ఉద్యోగం కొట్టినవారే రేపు ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చుంటారు. కాబట్టే సర్వీసంతటికీ ఒకే కౌంటర్ పెట్టి, అభ్యర్థన వచ్చినప్పుడల్లా థ్రెడ్లన్నీ దాన్నే పెంచే కోడ్ సాఫీగా రివ్యూ దాటుతుంది. ఆ లెక్కను వేర్వేరు గడుల్లోకి పంచి చివర్లో కూడే లాంగ్‌యాడర్ 2014లోనే జావా 8తో వచ్చింది. ఇప్పటికీ దాన్ని వింతగా చూసే సీనియర్లున్నారు.

ప్రోగ్రాంలో 5 శాతం వరసగానే నడవాల్సి ఉంటే, ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన నుంచి తేలే లెక్క ఇది. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. కబురు ఇక్కడికి చేరడానికి 31 ఏళ్ల గడువిచ్చారన్నమాట.

కోర్లు దండగని కాదు. వీడియో ముక్కలను విడివిడిగా ఎన్‌కోడ్ చేయడం లాంటి, ఒకదాని జోలికి ఒకటి పోని పనులకు ఎన్ని ఇచ్చినా తక్కువే. మిగతాచోట్ల పాము అలాగే ఉంటుంది, బిల్లు పెరుగుతుంది.

లినక్స్‌లో పెర్ఫ్ సీటూసీ అనే సాధనం 2017 నుంచి ఉంది. ఏ క్యాష్ లైన్ కోసం ఏ కోర్లు కొట్టుకుంటున్నాయో చూపిస్తుంది, పైసా అడగదు. మేనేజరు గారూ, తర్వాతి ఇన్‌స్టెన్స్‌కు 'చేసేయండి' అనేముందు దాని రిపోర్టొకటి జతచేయమని అడగండి.