ఛాయాగ్రాహక బాలశిక్ష

ఇంటింటను కెమెరాయు, చేతచేతను సెల్‌ఫోనును గల ఈ కాలమున, పరుల ముఖములను చిత్రించి తద్ద్వారా జీవింపగోరు సాహసికులు నానాటికి పెరుగుచున్నారు గాని, ఆ వృత్తికి సంప్రదాయసిద్ధములైన విధులను ఒక్కచోట చేర్చి చెప్పిన గ్రంథమేదియు కానరాకపోవుటచే, ఎవరికి వారే పెండ్లిపందిళ్లలో పదిమంది కాళ్లు త్రొక్కి నేర్చుకొనవలసి వచ్చుచున్నది. ఆ కొఱతను తీర్చుటకే ఈ సూత్రములు. ఇందు నా సొంత కల్పన లేశమును లేదు, సర్వమును లోకాచారము.

ప్రథమమున కెమెరా కొనుడు. వెలుతురును గూర్చి తెలిసికొనుట తరువాతి మాట. అది తెలియక తీసిన చిత్రము బాగుండనప్పుడు మరియొక కెమెరా కొనుడు. ముఖచిత్రములకు 85 మిల్లీమీటర్ల లెన్సు శ్రేష్ఠమని పెద్దలందురు గనుక దానిని గూడ కొనుడు. దానితో తీయవలెనన్న మనిషికి కొంత దూరముగా జరుగక తప్పదనియు, ఆ దూరమువలననే ముక్కు ముక్కంతయే కనబడుననియు, మీదమీదికి పోయి తీసినవాని ముక్కు ముఖమంతయు ఆక్రమించుట సామీప్యదోషమే గాని లెన్సుదోషము కాదనియు ఎవరైన చెప్పబోయినచో, వారికి మీ లెన్సు ఖరీదు చెప్పుడు. ఊరకుందురు.

వెలుతురు విషయమున ఒక్కటే నియమము. ఉదయము తొమ్మిదిగంటల వేళ వీధిగుమ్మమునుండి వసారాలోనికి తిన్నగా, మెత్తగా వచ్చి, ఒక చెంపను వెలిగించి రెండవ చెంపను నీడలో నుంచి, కంటిపాపలో తెల్లని చుక్క పెట్టునట్టి ఆ వెలుగు ఉచితముగా దొరకును. ఉచితముగా దొరకునది వృత్తిగౌరవమునకు భంగకరము. తలుపు మూసి రెండు అంబ్రెల్లా లైట్లు వేయుడు.

ఇక నవ్వు. ఎదుట కూర్చున్నది పెండ్లికూతురైనను, పింఛను పత్రముల కొఱకు వచ్చిన విశ్రాంత తహసీల్దారైనను, మొదటిమాటగా “స్మైల్ ప్లీజ్” అనవలెను. 1839లో డాగేరు ఛాయాగ్రహణ పద్ధతి లోకమునకు వెల్లడియైన క్రొత్తలో ఒక్క చిత్రమునకు నిమిషములకొలది కదలక కూర్చుండవలసివచ్చెడిది. తల కదలకుండుటకై వెనుకనుండి ఒక ఇనుపకమ్మీని ఊతగా నిలిపెడివారు. ఆ కమ్మీ పోయినది, దాని స్థానమున ఈ మాట వచ్చినది; ఫలితమున భేదమేమియు లేదు. డుషేన్ అను ఫ్రెంచి వైద్యుడు మనుష్యుల ముఖకండరములకు విద్యుత్తు తగిలించి చూచి, 1862లో ప్రకటించిన తన గ్రంథమున, పెదవులను సాగదీయు కండరము మన ఆజ్ఞకు లోబడును గాని, కంటిచుట్టు నుండు కండరము నిజమైన సంతోషమునకు దప్ప లోబడదని వ్రాసెను. మనము ఆజ్ఞాపించునది ఆ మొదటి కండరమును మాత్రమే. కావున మన ఆల్బములలో నోళ్లు ఉత్సవము చేసికొనుచుండగా కండ్లు, భోజనమెప్పుడా యని ఎదురుచూచుచుండును. నవ్వు రానివానిని నవ్వకుండ నుండనిచ్చి, ఆయన ఊరిపేరడిగి, ఆ ఊరి చెరువు నిండినదా యని విచారించి, ఆయన మాటలలో పడినప్పుడు మీట నొక్కవచ్చును గాని, అందులకు ఆయన చెప్పునది వినవలసియుండును. అంత తీరిక ఎవరికున్నది?

పిల్లలను తీయునప్పుడు మోకాళ్లు వంచకుడు. వారి నడినెత్తియు ఒక సుందరప్రదేశమే.

చిత్రము తీసిన పిమ్మట దిద్దుబాటు. పూర్వము నెగెటివుమీద సన్నని పెన్సిలుతో గంటలకొలది గీచి ఒక మడతను మఱుగుపఱచెడివారు. ఇప్పుడొక్క మీటతో అరువదియేండ్ల అనుభవమును తుడిచివేయవచ్చును. మొటిమ, మచ్చ, ముడుత, చివరకు పుట్టుమచ్చ, ఏదియు మిగులరాదు. మన పదవతరగతి సర్టిఫికెట్టులో ప్రభుత్వమువారు రెండు పుట్టుమచ్చలను వ్రాసికొని, వానినిబట్టియే మనము మనమేయని నమ్ముచున్నారు. మీరు ఆ మచ్చలను తీసివేసినచో ఆ చిత్రములోనిది ఎవరో తేల్చుట మీ పని కాదు.

సగము సొమ్ము ముందే పుచ్చుకొనుడు. ఇందు వ్యంగ్యమేమియు లేదు.

మీట నొక్కిన ప్రతిసారియు తల వంచి కెమెరా వెనుకనున్న తెరను చూచుకొనుడు. ఎదుటి మనిషి ఊపిరి వదలి, భుజములు దించి, ప్రక్కనున్న భార్యవైపు తిరిగి “అయిపోయిందా?” యని అడుగు ఆ క్షణమే ఆయన సహజరూపమున నుండు క్షణము, సరిగా అప్పుడే మనము తెరలోనికి చూచుచుందుము. ఈ అలవాటు మీకును నాకును మాత్రమే కాదు, సత్రములో చేయెత్తి సెల్‌ఫోను పట్టిన ప్రతి బంధువునకును ఉన్నది. నిజము చెప్పవలెనన్న, పరిచయము లేని మనిషి ముఖమువంక నిమిషముసేపు కన్నార్పక చూచుటకు మనకు సిగ్గు. కెమెరా ఆ సిగ్గును కప్పు పరదా. దాని వెనుక నిలిచి మీటలు త్రిప్పుచున్నంతసేపు పనిచేయుచున్నట్లును ఉండును, మనిషిని చూడవలసిన బాధయు తప్పును.

లాలా దీనదయాళు పరదాను మఱియొక విధముగా తలచెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు కొలువు చేసి, పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికిందరాబాదున స్టూడియో నడపిన ఆ మహాశయుడు, పరదా పాటించు స్త్రీలు పురుషుని కెమెరా ముందునకు రాజాలరని గ్రహించి, వారిని నిందింపక, 1892లో హైదరాబాదున వారికై ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. కూర్చుండువారి సౌకర్యము మొదట, యంత్రము తరువాత. ఇట్టి పూర్వాచారములు మీకు పనికిరావు.

ఇప్పుడు మన వృత్తికి శిరోభూషణమగు కుటుంబ సమూహచిత్రము. వచ్చీరాగానే “పొడుగువాళ్లు వెనక్కి” అని కేకవేయుడు. తెలుగింటి అంతస్తులు ఎత్తునుబట్టి ఏర్పడలేదనియు, వియ్యంకుని కుర్చీ తాతగారి కుర్చీకి ఎంత దూరమున నుండవలె ననుదానిపై రానున్న పదియేండ్ల రాకపోకలు ఆధారపడియుండుననియు, క్రొత్తల్లుడు కూర్చుండగా పెద్దల్లుడు నిలుచుండుట యుద్ధప్రకటన మనియు మీరు ఎఱుగనవసరములేదు. ఎఱిగిన మేనత్త యొకతె ఎప్పుడును ప్రక్కనే యుండును; ఆమెను అడుగవచ్చును, అడుగకుడు. అందఱును కుదురుకొను నంతలో ఎవరో ఒకరు లోపలికి కేకవేయుదురు.

“పిన్నీ, నీకోసమే ఆగాం, రా!”

“నేనెందుకే, మీరు కానివ్వండి. పొయ్యిమీద పాలున్నాయి.”

మీరు ఆగకుడు. అయినను ఆమె కొంగున చేతులు తుడుచుకొనుచు వచ్చి, వెనుకవరుస చివర, ఒక బావగారి భుజము చాటున సగముగా నిలుచుండును. అప్పుడు లెన్సు రంధ్రమును బాగుగా తెఱచి ఎఫ్ 1.4 వద్ద నుంచుడు. అంత ఖరీదు పెట్టి కొన్నది అందుకే గదా! వెనుకనున్నదెల్ల మంచువలె కరగిపోవును. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, నాలుగు మీటర్ల దూరమునుండి ఆ విధముగా తీసినచో, స్పష్టముగా కనబడు మేర ముందువెనుకలు కలిపి సుమారు అరమీటరు మాత్రమే. అందును సగము కుర్చీలలోనివారి మోకాళ్ల పాలగును. రంధ్రమును కుదించి ఎఫ్ 8 వద్ద నుంచిన అదే మేర మూడు మీటర్లు దాటును. అప్పుడు రెండు వరుసలును, వెనుక గోడమీది క్యాలెండరును గూడ కనబడును. క్యాలెండరు కనబడుట మనకు నామోషీ. పిన్నిగారు కనబడకపోవుట కళ.

ఏ ఊరి పాత స్టూడియోలోనైనను విచారింపుడు, ఈ బేరము వారికి క్రొత్తగాదు. కొన్నియేండ్లకు ఒక కుఱ్ఱవాడు మాసిన గడ్డముతో వచ్చి, సెల్‌ఫోనులో ఆ సమూహచిత్రమునే చూపి, వ్రేలితో చివరిమనిషిని పెద్దదిచేసి, “ఈవిణ్ణి ఒక్కర్నే వేరుచేసి ఫ్రేము కట్టించాలండీ, ఎల్లుండి పదకొండో రోజు” అని అడుగును. ఇంట నిన్ని పెండ్లిళ్లు జరిగి, ఇన్ని ఆల్బములు నిండినను ఆమె ఒంటరిగా కూర్చుని తీయించుకొన్న చిత్రమొక్కటియు దొరకలేదు. పెద్దదిచేసినకొలది కండ్లు చెదరును. బావగారి భుజమును కోసి, లేని సగముచెవిని అతికి, వెనుక నీలపురంగు పూసి ఇత్తురు. దానికే దండ వేయుదురు. పిల్లలు పెరిగి, మామ్మ ఇట్లే మసకగా నుండెడిదని అనుకొందురు.

కావున అయ్యా, పై సూత్రములలో దేనిని పాటించినను పాటింపకపోయినను, సమూహచిత్రమునాడు మాత్రము పాలు దించి ఆమె వచ్చువరకు ఆగుడు, ఎఫ్ 8 పెట్టుడు, అది అయిన పిదప ఆమెను వీధిగుమ్మము దగ్గఱ ఒంటరిగా కూర్చుండబెట్టి ఒక్కటి తీయుడు. దానికి వేఱుగ డబ్బడుగకుడు. హార్డుడిస్కు నిండినదని ఆ ఫైలును తుడిచివేయకుడు.